కలకత్తాలో మా తెర పట్టింది ఎవరు

రండి, ఈ చాప మీదికి జరగండి. అంత దూరాన కూర్చుంటే నా గొంతు అందదు, ఇది గట్టిగా అరిచి చెప్పే సంగతీ కాదు. పొయ్యి మీద ఏదైనా పెట్టుంటే దింపుకుని రండి, ఆగుతాను. మధ్యలో లేచెళ్ళేరంటే మళ్ళీ మొదట్నించి చెప్పమంటారు, మీ సంగతి నాకు తెలుసు.

ముందే ఒక మాట. నాకు దెయ్యాలన్నా భూతాలన్నా నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఎలాగుంటుంది చెప్పండి? మా ఇంట్లో దెయ్యం తగరం పెట్టెలో ఉండేది. మా తాత, అంటే మా అమ్మ వాళ్ళ నాన్న, భాగవతం ఆడే మేళానికి గురువు. దెయ్యం వేషానికి కావలసిన జనపనార జుట్టు, గుమ్మడి గింజలు గుచ్చి చేసిన కోరపళ్ళు, అన్నీ ఆ పెట్టెలోనే. ఆట అయ్యేక ఆ జుట్టు చిక్కు తియ్యడం నా పని. దెయ్యానికి దువ్వెన పెట్టిన ఆడగుంటని నేను, నాకేటి భయం?

మా అమ్మానాన్నలు దేవరాపల్లి దగ్గర చేను చేసుకునేవారు. చదువు కోసమని నన్ను చోడవరంలో తాతింట్లో ఉంచేరు. ఆ చదువు కూడా ఎంతని, ఫస్టు ఫారం, అంటే ఆరో క్లాసు, దాటి ఇంకో ఏడు, అంతే. కానీ విన్నది మర్చిపోను. ఆ రోజుల్లో విన్న పాటలు ఇప్పుడు పాడమన్నా అక్షరం పోకుండా పాడతాను.

ఇది ఆంధ్ర రాష్ట్రం వేరుపడ్డ ఒకటి రెండేళ్ళకి జరిగింది. మా హైస్కూల్లో డ్రాయింగు మేష్టారు ఒకాయన ఉండేవారు. పాఠం కన్నా నాటకం అంటే ప్రాణం. మా తాతని బతిమాలి బడికి తీసుకొచ్చి, పిల్లలకి భాగవతం నేర్పించేరు. తాత సొంతంగా ఒక కథ కట్టేడు. శారదా నది కొండలు దిగి, చెరకు తోటల పక్కనించి నడిచి, సముద్రాన్ని పెళ్ళాడే కథ. నదమ్మ వేషం గోవిందుది. వాడు నాకన్నా మూడేళ్ళు పెద్ద, మీసం వస్తుందేమోనని రోజూ అద్దం చూసుకుని బెంగ పడేవాడు. నేను వంత పాడేదాన్ని. అంటే ముందు పాడినవాళ్ళ పాట వెనకనుంచి అందుకోవడం.

మా భాగవతంలో వేషం ఊరికే వచ్చి ముందు నిలబడదు. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని ఒక ఎర్రబట్ట అడ్డం పెడతారు. అదే తెర. దాని కిందనించి మొదట గజ్జెల కాళ్ళు కనపడాలి. కాసేపటికి పైనించి ఒక చెయ్యి. జనం మెడలు సాచి చూస్తూ ఉంటారు. మొహం కనపడేసరికి మూడు పాటలు అయిపోతాయి. ఆ తెరని గుంజకి కట్టకూడదు, మేకుకి తగిలించకూడదు. మనిషి చేతిలోనే ఉండాలి. పట్టిన మనిషి తల తిప్పి వెనక్కి చూడకూడదు, చూపు నేలమీదే ఉండాలి.

నాకు ఆ తెర పట్టాలని ఎంత ఉండేదో చెప్పలేను. వేషం కన్నా అదే గొప్పగా కనిపించేది. నదిని దాచిపెట్టి, సమయం వచ్చేక వదలడం! ఒకరోజు ధైర్యం చేసి తాతని అడిగేను. తాత చుట్ట తీసి నన్ను చూసి, "ఆడగుంటలు తెర ముట్టుకోడం మన మేళంలో లేదు. ముట్టుకున్నావంటే వంత కూడా మానిపించీగలను," అన్నాడు. కోపంగా కూడా అనలేదు, చింతపండు లేదన్నట్టు అన్నాడు. నాకు మాత్రం రెండ్రోజులు ముద్ద దిగలేదు.

అలా ఉండగా బడి వార్షికోత్సవానికి ఎవరో పెద్దాఫీసరు వచ్చి మా ఆట చూసేడు. రెండు నెలలకి హెడ్మాస్టరు గారికి ఉత్తరం వచ్చింది. కలకత్తాలో దేశదేశాల నాటకాల వాళ్ళు కలుస్తారట, బడిపిల్లలు కూడా వచ్చి ఆడి, మిగతావాళ్ళవి చూసి నేర్చుకోవచ్చట. మాకొక అరగంట ఇచ్చేరట.

ఊరు ఊరంతా మా చుట్టూ తిరిగింది. మాడుగుల నించి హల్వా డబ్బాలు తెప్పించేరు, దొరలకి ఇవ్వడానికి. గోవిందు వాళ్ళమ్మ వాడికి పన్నెండు జతల బట్టలు సర్దితే మేష్టారు పది తీయించేరు. తాత మాత్రం రాలేనన్నాడు. అప్పటికే కుడిమోకాలు పాడైపోయి, నిలబడినప్పుడు ఆ మడమ ఎత్తి, బరువంతా ఎడమకాలి మీద వేసేవాడు. బస్సెక్కడమే కష్టం, ఇంక రైలా? తెర మడిచి మేష్టారి చేతిలో పెట్టి, "మనిషి సేతిలోనే ఉండాలి బాబూ," అని ఒక్క మాట చెప్పేడు. తెర పట్టడానికి ఇద్దరు పిల్లలు. కుడి కొస సింహాచలం, ఎడమ కొస అప్పలరాజు. ఆడపిల్లని నేనొక్కదాన్నే కాబట్టి నాకు తోడుగా మా పిన్ని, తాత చిన్నకూతురు, వచ్చింది.

అనకాపల్లిలో రైలెక్కేం. నేను రైలెక్కడం అదే మొదలు. వాల్తేరులో ఇంజను ఈ చివరనించి తీసి ఆ చివర తగిలించేరు, బండి వచ్చిన వైపుకే బయల్దేరింది. మా పిన్ని లేచి నిలబడి, "ఓలమ్మో, తిరిగి ఇంటికి తీసుకుపోతన్నాడు, గొలుసు లాగండి," అని ఒకటే గోల. పెట్టెలో వాళ్ళందరూ నవ్వేరు. అక్కడ బళ్ళన్నీ అలాగే తిరుగుతాయని మేష్టారు చెప్పినా, బరంపురం వచ్చేదాకా ఆవిడ నమ్మలేదు. తెల్లారేసరికి ఒక పక్కంతా నీళ్ళు, చిలకా సరస్సు. పిల్లలందరం ఒకే కిటికీకి అతుక్కుపోయేం. ఖర్గపూర్ స్టేషన్లో మన శ్రీకాకుళం వాళ్ళు, రైల్వే పనివాళ్ళు, మా తెలుగు విని పరిగెట్టుకొచ్చేరు. ఎక్కడికని అడిగి, సంగతి విని, తమ పిల్లలే వెళ్తున్నట్టు పొంగిపోయేరు.

కలకత్తా గురించి చెప్పాలంటే రాత్రంతా పడుతుంది. రోడ్డు మధ్యనించి రైళ్ళు నడుస్తాయి, ట్రాములంటారు. అదలా ఉంచండి. అక్కడ చూసిన ఆటలు! పొద్దున్నించి సాయంత్రం దాకా ఒక హాలు నించి ఇంకో హాలుకి పరిగెట్టేవాళ్ళం. జపాను వాళ్ళు రెండు చెక్కముక్కలు కొట్టి ఆట మొదలెట్టేరు, ఆ చప్పుడుకి హాలంతా ఊపిరి బిగపట్టింది. ఎవరో తెల్లవాళ్ళు ఒక్క మాట మాట్లాడకుండా గంటసేపు ఆడేరు, మా పిన్నికి కూడా కథంతా అర్థమైపోయింది. జావా దేశం నించి తోలుబొమ్మల వాళ్ళొచ్చేరు. అచ్చం మన తోలుబొమ్మలే! వాళ్ళ పెద్దాయన మమ్మల్ని బట్ట వెనక్కి రానిచ్చి, చేతిలో బొమ్మ పెట్టి, మోచెయ్యి ఎలా తిప్పాలో చూపించేడు. మేష్టారు ప్రతి ఆటా అయ్యేక మమ్మల్ని మెట్ల మీద కూర్చోబెట్టి, ఏం చూసేరు, మనం ఏం తీసుకోవాలి అని అడిగేవారు. బడిలో నోరెత్తని సింహాచలం అక్కడ ఆగకుండా మాట్లాడేడు.

నాకు మాత్రం ఒకటే కళ్ళలో నిలిచిపోయింది. ఆ తెల్లవాళ్ళ ఆటలో తెర లాగింది ఒక ఆడపిల్ల. నా వయసే ఉంటుంది, పొట్టి జుట్టు. పక్కన నిలబడి తాడు లాగితే కొండంత తెర లేచింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆ పిల్ల లాగేసి, చేతులు లాగుకి తుడుచుకుని, బిస్కట్టు తింది.

మూడో రోజు మధ్యాహ్నం మూడు గంటలకి మా ఆట. పొద్దున్న అప్పలరాజు పడకేసేడు. ముందురోజు బెంగాలీ పిల్లలతో పందెం కట్టి కుండెడు రసగుల్లాలు తినేసేడు. నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి, పొట్ట పట్టుకుని లుంగలు చుట్టుకుపోయేడు. తాళం, మద్దెల, హార్మోనీ, మేష్టారితో సహా అందరికీ చేతుల్లో పనే. ఖాళీ చేతులున్నది నాకొక్కదానికే. మా పిన్నిని అడిగితే, అంతమంది ముందా, చచ్చినా రానంది.

హాలు మనుషులు పాపం మంచివాళ్ళు. రెండు గుంజలు తెచ్చి, మా తెర ఇస్త్రీ చేసి మరీ కట్టేరు. అది చూసి గోవిందు వేషంతోనే కింద కూలబడ్డాడు. గుంజకి కట్టిన బట్ట వెనక నిలబడను, కావాలంటే గజ్జెలు విప్పేస్తానన్నాడు. మేష్టారు నచ్చచెప్పేరు. వాడు వినలేదు. గంట కొట్టేసరికి తయారుగా లేకపోతే తర్వాత వాళ్ళని పిలిచేస్తామని అప్పటికే చెప్పి ఉన్నారు.

"నేను పడతాను మేష్టారండీ," అన్నాను.

అందరూ నావైపు చూసేరు. తాత సంగతి అందరికీ తెలుసు. మేష్టారు పట్టమన్నారు. ఊరెళ్ళేక ఎవరూ ఈ మాట పైకి రానివ్వకూడదని గజ్జెల మీద చెయ్యేయించి అందరిచేతా ఒట్టు పెట్టించేరు. మా పిన్ని కూడా వేసింది. తాతకి తెలిస్తే నా పాట ఆ రోజుతో సరి.

గంట కొట్టేరు. మేష్టారి చేతిగడియారంలో అప్పుడు మూడు దాటి నాలుగు నిమిషాలు. సింహాచలం తాటిచెట్టంత పొడుగు. నేనేమో వాడి భుజం దగ్గరికి కూడా రాను. రెండు చేతులూ తలపైకెత్తి మునివేళ్ళ మీద నిలబడినా నా వైపు తెర పల్లంగా జారిపోయింది. ఇంకొంచెం జారితే గోవిందు మొహం ముందే కనపడిపోతుంది. మొదటి పాట సగం అయ్యేసరికి జనంలో ఎవరో నవ్వేరు.  కళ్ళు నేలమీదే పెట్టుకుని, పడిపోకూడదు, పడిపోకూడదు అనుకుంటున్నాను.

అప్పుడు బరువు పోయింది.

ఉన్నదున్నట్టు చెప్తున్నాను. నా వేళ్ళలోంచి బట్ట పైకి వెళ్ళింది. ఎవరో లాక్కున్నట్టు కాదు, పెద్దవాళ్ళు పిల్లల చేతిలో చెంబు అందుకున్నట్టు, మెల్లిగా. నా వేళ్ళు ఖాళీ. చేతులు గాలిలో ఉన్నాయి. తెర మాత్రం నా వేళ్ళకి జానెడు పైన, సింహాచలం వైపుతో సమానంగా, బిగువుగా నిలబడి ఉంది. దాని పక్క అంచు నా ముక్కు ముందు కదలకుండా ఉంది. రెండో పాట అయ్యింది. మూడో పాటలో నది చెయ్యి తెర పైకి రాగానే జనం హోరెత్తేరు. నా వెనక ఎవరో నిలబడి ఉన్నారని ఒళ్ళంతా తెలుస్తోంది. భయం వెయ్యలేదు, అదే వింత. బలంగా అనిపించింది, ఆనందంగా కూడా. కానీ తల తిప్పలేదు. తిప్పకూడదు కదా. నేలమీద చూస్తే నా నీడ ఒక్కటే ఉంది, చేతులెత్తుకుని.

పాట ముగియగానే తెర దిగి వచ్చి మళ్ళీ నా వేళ్ళ మధ్యకి చేరింది. నేనూ సింహాచలం దాన్ని పక్కకి లాగేం, నదమ్మ దూకింది. ఇంక ఆ చప్పట్లు! లేచి నిలబడి కొట్టేరు. గోవిందు గజ్జెలు తెగి మువ్వలు హాలంతా దొర్లేయి, దొరసానులు ఏరి ఇచ్చేరు.

తర్వాత సింహాచలం చేతులు నలుపుకుంటూ వచ్చేడు. "ఏటే గుంటా, మొదట్ల ఏలాడేసీసి తర్వాత అంత బిగిలాగేవు? నా బుజాలు ఊడిపోనాయి," అన్నాడు. నేను తెర మడిచే పనిలో పడ్డాను.

నేను నిలబడ్డ చోట గాలి లేదు, పంకా లేదు. హాలు మనుషులు అందరూ అవతల పక్క తాళ్ళ దగ్గర ఉన్నారని మేష్టారే చూసి చెప్పేరు. సింహాచలం ఒక్కడే లాగితే ఎనిమిది మూరల బట్ట రెండో కొస గాలిలో నిలబడదు. ఇంటికొచ్చేక దుప్పటితో ప్రయత్నించి చూసేను కూడా.

ఆ సాయంత్రం జావా పెద్దాయన వచ్చేడు. ఆయన మా ఆట పక్కనించి చూసేడట. ఆయన మాట ఒక బెంగాలీ కుర్రాడు ఇంగ్లీషులోకి, మేష్టారు తెలుగులోకి మార్చి చెప్పేరు. మీ పెద్దాయన్ని పిలవండి, దణ్ణం పెట్టుకుని వెళ్తానన్నాడట. మాతో పెద్దాయన ఎవరూ రాలేదని మేష్టారు చెప్పేరు. ఆయన ఒప్పుకోలేదు. ఈ పిల్ల వెనక నిలబడి తెర పట్టేడు కదా అని, తువ్వాలు తలకి చుట్టుకున్నట్టు చేతులు తిప్పి చూపించేడు. ఆ తర్వాత లేచి నిలబడి, చేతులు పైకెత్తి, కుడిమడమ నేలకి ఆనకుండా ఎత్తి, ఎడమకాలి మీద నిలిచేడు.

మేష్టారు ఆ మాట తెలుగులోకి మార్చనే లేదు. మార్చక్కర్లేదు, మేం అందరం చూస్తూనే ఉన్నాం. మా పిన్ని ఏడుపు మొదలెట్టింది, తన నాన్నకి, అంటే తాతకి, ఏదో అయిపోయిందని. మేష్టారు అప్పటికప్పుడు చోడవరానికి అర్జెంటు తంతి, అదే టెలిగ్రాం, కొట్టించేరు. రాత్రికి జవాబు వచ్చింది, అందరూ క్షేమం అని. ఆ రాత్రి మాత్రం నాకు అన్నం రుచిగా ఉంది.

నాలుగు రోజులకి ఇల్లు చేరేం. తాత అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ ఉన్నాడు, ఎప్పటిలాగే. గోవిందు చప్పట్ల కథ చెప్పేడు, అప్పలరాజు తన రసగుల్లాల కథ తప్ప అన్నీ చెప్పేడు. తెర సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒట్టు ఒట్టే. తాత అందరివీ విని తలూపేడు. నావైపు చూడలేదు. 

మా అమ్మమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి చెప్పింది. మా ఆట రోజు మధ్యాహ్నం భోజనం చేసి తాత అరుగు మీదే కూర్చున్నాడట. ఉన్నట్టుండి లేచి, తువ్వాలు తలకి చుట్టి, రెండు చేతులూ పైకెత్తేడట. అలాగే నిలబడిపోయేడట. పిలిస్తే పలకలేదు, కళ్ళు నేలమీద. పక్షవాతమేమో అని అమ్మమ్మ హడలిపోయి, పక్కవీధిలో ఉండే నర్సు మేరమ్మ గారిని పిలుచుకొచ్చింది. మేరమ్మ గారు నాడి పట్టుకుని గడియారం చూసేరట. మూడూ పది. నాడి చక్కగా ఉందట, కానీ భుజాలు రాయిలా బిగుసుకుని ఉన్నాయట. పది నిమిషాల చిల్లర అలాగే ఉండి, చేతులు దించి, కూర్చుని మంచినీళ్ళు అడిగేడట.

నీళ్ళు తాగుతూ ఏమన్నాడో అడిగేను.

"ఆ గుంటకి సెయ్యి అందలేదే, అన్నాడు. ఏ గుంటకని అడిగితే చుట్ట ముట్టించేడు," అంది అమ్మమ్మ.

తర్వాత నేను మేరమ్మ గారింటికి వెళ్ళి అడిగేను. ఆవిడ చర్చి తప్ప వేరే సంగతి ఎరగని మనిషి, లేనిపోనివి చెప్పే రకం కాదు. అన్నీ అమ్మమ్మ చెప్పినట్టే చెప్పేరు. మూడూ పదే అన్నారు.

మర్నాడు పొద్దున్న తాత నన్ను పెరట్లోకి పిలిచేడు. తెర విప్పి ఒక కొస తను పట్టుకుని, రెండోది నాకు చాపేడు. నా చెయ్యి ముందుకి పోలేదు. తెలిసిపోయింది, ఇంక నా వంత కూడా పోయింది అనుకున్నాను.

"పట్టు. మోసేతులు దగ్గిరికెట్టి పట్టు, నొప్పుండదు," అన్నాడు.

పట్టుకున్నాను. ఆ తర్వాత బడి మానేసినా మేళం మానలేదు. పెళ్ళయ్యేక కూడా పిల్లని చంకనేసుకుని వెళ్ళి తెర పట్టేను, మా చుట్టుపక్కల ఆడది తెర పట్టడం నాతోనే మొదలు.

తాత ఇంకా తొమ్మిదేళ్ళు బతికేడు. ఎన్నిసార్లు అడిగేనో లెక్కలేదు. ఆ రోజు కునుకు పట్టిందనీ, ఏమీ గుర్తులేదనీ అనేవాడు. అబద్ధం ఆడుతున్నాడని నాకెప్పుడూ అనిపించలేదు. బతికున్న మనిషి, అరుగు మీద ఉన్న మనిషి, రైలెక్కలేని మనిషి. దాన్ని దెయ్యం అనడానికి లేదు. మరేం అనాలో ఇంతవరకూ నాకు తెలీదు. చదువుకున్నవాళ్ళని అడిగేను, వాళ్ళూ తలో మాట చెప్పేరు, ఒక్కటీ అతకలేదు. నా చేతుల్లోంచి బట్ట పైకి వెళ్ళింది, అది మాత్రం నిజం.

ఇంత ఓపిగ్గా విన్నారు కదా, మీ ఇల్లు పదికాలాలు పాటతో కళకళలాడాలి. మీ ఇంట్లో ఏ పిల్లైనా ఒకటి నేర్పమని అడిగితే, లేదనకుండా నేర్పే పెద్దలు మీకు నిండుగా ఉండాలి.